ఐరోపా స్టేషన్ వాగన్లు – వాని పోషణ చరిత్ర

స్టేషన్ వాగన్ అను పేరు అమెరికా దేశమున పుట్టినది. రైలు దిగిన ప్రయాణికులను, వారి పెట్టెలను, పరుపుచుట్టలను ఒక్క తడవకే ఊరిలోనికి చేర్చుటకై స్టేషను వాకిట నిలిచియుండు బండి గనుక దానికా పేరు వచ్చినది. ఐరోపావారు తమ తమ అవసరములను బట్టి దానికి వేఱు పేర్లు పెట్టుకొనిరి. ఇంగ్లండులో పెద్ద భూస్వాముల గ్రామభూములను ఎస్టేటులందురు. ఆ భూములలో మనుష్యులను, వేటకుక్కలను, కంచెగుంజలను మోయునది గనుక అది వారికి ఎస్టేటు కారు. అంతకు ముందు దానినే షూటింగు బ్రేకు అనెడివారు. బ్రేకనగా మొదట కొత్త గుఱ్ఱములకు బండి లాగుట అలవాటు చేయుటకు వాడిన మోటుచట్రము. వేటకు పోవువారు దానిపై బల్లలు వేసికొని కూర్చుండ నారంభించిరి. ఫ్రెంచివారు ఆ మాటనే పుచ్చుకొని నేటికిని బ్రేక్ అనియే పిలుచుచున్నారు. మనుష్యులను సరకును కలిపి మోయునది గనుక జర్మనులు దానిని కోంబి యనిరి. ఇటలీవారు తోటకు సంబంధించినదను అర్థమున జార్దినెత్తా యనిరి. స్పెయినువారు చెక్కశరీరపు పసుపువన్నెను చూచి, బంగారువన్నె జుట్టు గల స్త్రీని పిలుచు రూబియా యను మాటతో దానిని ముద్దుగా పిలుచుకొనిరి.

నామములన్నియు క్రియల నుండియే పుట్టినవని వాదించిన శాకటాయనుడు ఈ పేర్లు విన్నచో సంతోషించియుండును. ఆయన పేరులోనే శకటమున్నది. అంతటి వైయాకరణుడు బండ్లబాట ప్రక్కనే కూర్చుండియు, తన యెదుటనుండి బండ్లబారు సాగిపోవుచుండగా గమనింపలేదని పతంజలి మహాభాష్యమున చెప్పినాడు. మనము కొంచెము గమనింతము.

ఈ బండి ఆకారమును చెప్పుట సులభము. సాధారణమైన కారునకు వెనుక పెట్టె వేఱుగా, కప్పు పొట్టిగా నుండును. దీనికి కప్పు తోకవఱకు సాగియుండును, వెనుకనొక తలుపుండును, వెనుక పీటను మడిచినచో చిన్నగది యంత చోటేర్పడును. దీనిని కొన్నవారు వైద్యులు, వడ్రంగులు, చిల్లర వర్తకులు, పిల్లలు గల గృహస్థులు. వారమంతయు సరకును, ఆదివారమునాడు కుటుంబమును మోయవలసిన వాహనమిది. కావున అరుగునది, తడియునది, బరువునకు క్రుంగునది. దీని చరిత్రను కర్మాగారముల లెక్కలలో వెదకుటకంటె కొన్నవారి పెరటిలో వెదకుట మేలని నా యభిప్రాయము. ఏ దేశపు బండికి ఏ రోగము వచ్చెను, దాని మందు ఎవరి చేతిలో నుండెను అనునదియే నేను చెప్పదలచిన విషయము.

మొదట కొయ్యబండిని చూతము. అలెక్ ఇసిగోనిస్ అను శిల్పి నిర్మించిన మారిస్ మైనరను చిన్నకారు 1948లో లండను ప్రదర్శనలో వెలువడెను. మన దేశమునను అది కొన్నేండ్లపాటు బేబీ హిందుస్థాన్ అను పేర తిరిగినది గనుక పెద్దలలో కొందఱు దాని గుండ్రని ముఖమును చూచియే యుందురు. 1953లో దాని ఎస్టేటు రూపము ట్రావెలరను పేర వచ్చి 1971 వఱకు తయారైనది. ముందుసగము ఉక్కు. వెనుకసగమున కొయ్యచట్రమును, దానిలో పొదిగిన అల్యూమినియపు రేకులును. వెనుక తలుపులు రెండు మన బీరువా తలుపులవలె ఇరువైపులకు తెఱచుకొనును.

ఆ కొయ్య ఆష్ అను చెట్టుది. తెల్లనిది, గట్టిది; వంగును గాని తటాలున విరుగదు. గొడ్డలి కామలు, పార పిడులు, క్రికెట్టు ఆటలో పాతు వికెట్టు కఱ్ఱలు దానితోనే చేయుదురు. మన వడ్రంగులు బండిచక్రములకు నల్లతుమ్మను ఏరికొన్నట్లే, ఐరోపా బండివడ్రంగులు తరతరములుగా ఆష్ కొయ్యను ఏరికొనిరి. దానికొక లోపము కలదు. టేకులో ఉండునట్టి నూనె దానిలో లేదు. తడి నిలిచినచోట త్వరగా కుళ్ళును.

ట్రావెలరు ప్రక్క కిటికీల అద్దములు గాడిలో జరుగును. వాననీరు ఆ గాడిలో నిలుచును. ఇంగ్లండులో వాన ఏ నెలకును సెలవు తీసికొనదు గనుక గాడిలో పాచి మొలచుటయు కలదు. ఆ నీరు మెల్లగా క్రింది కమ్మీలోనికి ఇంకును. వార్నీషు పగిలినచోట మొదట బూడిదవన్నె, పిదప నల్లని చాఱ కనబడును. చాఱ కనబడిననాడే పాత వార్నీషును గీకి, కొయ్యను ఆక్సాలిక్ ఆమ్లపు నీటితో తుడిచి మచ్చ పోగొట్టి, కడిగి, బాగుగా ఆరనిచ్చి, మరల పొరలుపొరలుగా వార్నీషు పూసినచో బండి బ్రదుకును. ఉపేక్షించినచో కొన్నేండ్లకు వ్రేలితో నొక్కినంతనే కొయ్య పొడియై రాలును. ఆ కొయ్య సొగసుకొఱకు పెట్టినది కాదు. వెనుక కప్పును, ప్రక్కలను, తలుపులను మోయుచున్నది అదియే. బ్రిటనులో 1960 నుండి పాతకార్లకు ఏటేట పరీక్ష విధింపబడినది. ఉక్కు చట్రమునకు తుప్పు పట్టినప్పుడు ఆపినట్లే, కొయ్యకు కుళ్ళు పట్టినప్పుడును ఆ కాలమున పరీక్షకుడు ట్రావెలరును రోడ్డెక్కనిచ్చెడివాడు కాడు. 1960లోనే వచ్చిన మినీ ట్రావెలరునకును వెలుపల కొయ్యకమ్ములు కలవు గాని, అవి ఉక్కుశరీరముపై అంటించినవి మాత్రమే. ఒకటి ఇంటి దూలము, రెండవది గోడపై రంగుగీత.

మైనరునకు ముందుచక్రములు తిరుగు కీలులో కందెన అయిపోయినచో మఱియొక ప్రమాదము. ఆ కీలు అరిగి ఊడినచో చక్రము ప్రక్కకు పడి బండి ముందుకు కూలును. కందెనతుపాకితో కొద్ది నిమిషముల పని, యజమానుని చేతనైనదే. మన రైతు ప్రయాణమునకు ముందు ఇరుసునకు కందెన పెట్టునట్లు, వారును కరపుస్తకములో చెప్పిన మైళ్ళకొకమాఱు పెట్టవలసినదే. మఱచినవాడు దారిలో నిలిచెను.

ఈ బండి తయారీ ఆగిపోయిన తరువాత వింత యొకటి జరిగినది. బాత్ నగరమున ఛార్లెస్ వేర్ అనునతడు 1970ల దశకమున మారిస్ మైనరులను బాగుచేయుటకే ఒక కేంద్రమును స్థాపించెను. కారును కొన్నేండ్లకే పాఱవేసి కొత్తది కొనుట ధనమునకును వస్తువునకును నష్టమనియు, భాగములను మార్చుకొనుచు పోయినచో ఒకే కారు జీవితకాలము నడచుననియు అతని వాదము. ఆ వాదమునే 1982లో గ్రంథముగా ప్రకటించెను. పాత రేకులు దొరకుట కష్టమైనపుడు శ్రీలంకలో చిన్న కర్మాగారము పెట్టించి అచ్చటి పనివారిచేత రేకుభాగములు చేయించెను. ఇంగ్లండులో పుట్టిన బండికి సింహళద్వీపపు సుత్తి ప్రాణము పోసినది. సర్కారు సాయము లేక, పెద్ద సంస్థల ఆదరణ లేక, కేవలము యజమానుల పట్టుదలవలన నిలిచిన వాహనములలో దీనికి పెద్దపీట వేయవచ్చును.

కొయ్య లేని దేశములలో శత్రువు ఉప్పు. స్వీడను మొదలగు ఉత్తరదేశములలో శీతకాలమున దారిపై మంచు గడ్డకట్టకుండుటకు ఉప్పు చల్లుదురు. సముద్రతీరమున నుండు మనవారికి ఉప్పుగాలి ఇనుమునేమి చేయునో చెప్పనక్కఱలేదు. అచ్చట ఉప్పునీరు తిన్నగా బండి అడుగుననే చిమ్ముకొనును. 1953లో వోల్వో వారు తెచ్చిన వాగనునకు డ్యూయెట్ అని పేరు. ఇద్దఱు కలిసి పాడు పాటవలె పనియు విహారమును ఒకే బండిలో కలియునని భావము. తరువాత 1974 నుండి 1993 వఱకు తయారైన 240 వరుస వాగనులు పెట్టె కొలత పెట్టి కోసినట్లు నలుపలకలుగా నుండి, దృఢత్వమునకు పేరు పొందినవి. వాని యజమానులు శీతకాలము పోగానే బండి అడుగును నీటితో కడిగి, ఆరిన పిదప సందులలో మైనపునూనె చిమ్మి తుప్పును ఆపుకొనుచు వచ్చిరి. 1980ల దశకపు కొన్ని బండ్లలో ఇంజను వద్ద తీగెలపై తొడిగిన రబ్బరు వంటి పూత వేడికి పెళుసై రాలిపోయినది. రాతివలె నిలిచిన ఇంజను, పీచువలె చెడిన తీగె! బలమైన ఎద్దునకు కుళ్ళిన పగ్గము కట్టినట్లు.

ఫ్రాన్సుదేశపు సిత్రోఎన్ వారి బండి కథ వేఱు. 1955లో ప్యారిసు ప్రదర్శనలో వారు డి.ఎస్. అను కారును చూపిరి. దాని బ్రేక్ రూపము 1958లో ప్రదర్శింపబడినది. పాల్ మాజెస్ అను ఇంజనీరు ఆలోచించిన ఏర్పాటిది: చక్రముల దగ్గఱ ఉక్కు కమానులకు మాఱుగా లోహపు గోళములుండును. గోళములో ఒక పలుచని పొర. దాని కొకవైపు నత్రజని వాయువు, రెండవవైపు ఒత్తిడితో నిండిన నూనె. గుంతలో చక్రము పడినప్పుడు నూనె వాయువును నొక్కును, వాయువు మరల నూనెను త్రోయును. వెనుక ఎంత బరువు వేసినను బండి క్రుంగదు. నూనె తనంతట తాను ఎక్కువగా వచ్చి ఎత్తు సరిచేయును. రాత్రి నిలిపిన బండి తెల్లవాఱునప్పటికి నేలకు ఒదిగియుండి, ఇంజను కదిలింపగానే ఒంటెవలె మెల్లగా లేచును. బరువు మోయుటకే పుట్టిన వాగనునకు ఇంతకంటె తగిన యుపాయము మఱియొకరికి తోచలేదు. వెనుక తలుపు మీదసగము పైకి, క్రిందిసగము వాకిలి బల్లవలె క్రిందికి తెఱచుకొనును. బల్ల దించినప్పుడును నంబరు కనబడవలెనని రెండు నంబరు పలకలు పెట్టిరి. అంత జాగ్రత్త.

ఇందులో బండి ప్రాణమంతయు ఆ నూనెయే. అదియే బండిని ఎత్తును, అదియే బ్రేకులను పని చేయించును. మొదట వాడినది ఎఱ్ఱని నూనె. అది గాలిలోని తేమను పీల్చుకొనును. ఆ తేమ లోపలి గొట్టములను తినివేయును. 1966 నుండి సంస్థవారు ఖనిజసంబంధమైన పచ్చని నూనెకు మాఱిరి. రెండింటికిని లోపలి రబ్బరు బిళ్ళలు వేఱు. ఎఱ్ఱనూనె బండిలో పచ్చనూనె గాని, పచ్చనూనె బండిలో ఎఱ్ఱనూనె గాని పోసినచో బిళ్ళలు చెడి, నూనె కాఱి, నిలుచుటకును ఆగుటకును శక్తి పోవును. ఒక్క సీసా పొరపాటుతో బండి మూలబడును. గోళములలోని వాయువు కూడ ఏండ్లు గడచిన కొలది తగ్గును. అప్పుడు మెత్తని బండి రాతిబండియగును. వాయువును మరల నింపించిన పూర్వపు సుఖము తిరిగి వచ్చును. ఇది తెలియని వీధి మరమ్మతుదారులు ఆ బండిని చూచి భయపడిరి. తెలిసినవారు మాత్రము దానిని విడువలేదు. ఈ గోళముల పద్ధతి ఆ సంస్థ వాగనులలో 2017 వఱకు కొనసాగినది.

అదే ఫ్రాన్సులో ప్యూజో వారిది పూర్తిగా మోటుమార్గము. 504 అను కారు 1968లో వచ్చినది. వెంటనే కొన్నేండ్లలో దాని వాగను రూపమును వచ్చినది. వెనుక ఒకే గట్టి ఇరుసు, ప్రక్కకు రెండేసి చొప్పున నాలుగు చుట్టకమానులు. మూడు వరుసల పీటలు గల కుటుంబవాహనము కూడ కలదు. అది ఐరోపాకంటె ఆఫ్రికాలో ఎక్కువ కీర్తి గడించినది. నైజీరియాలోని కదునా నగరమున 1975లో కూర్పు కర్మాగారము తెఱచిరి. సెనెగలు దేశమున ఊరూరికి పోవు అద్దెకార్లకు ఏడుపీటలను అర్థమున సెత్-ప్లాస్ అనియే పేరైనది. ఐరోపాలో తయారీ 1983లో ఆగిన పిదపను అచ్చటి వీధి మరమ్మతుదారులు చెడిన భాగమును మఱియొక బండినుండి తీసి వేసి, దొరకనిదానిని కొలిమిలో చేసి, దశాబ్దముల తరబడి వానిని నడపిరి. విప్పుటకు వీలైన యంత్రము ఎచ్చటికి పోయినను వైద్యుని సంపాదించుకొనును.

మహాశయులారా, ఇక అన్నిటికంటె విచిత్రమైనది తూర్పు జర్మనీ కథ. అచ్చట త్స్విక్కౌ పట్టణమున ట్రాబంటను చిన్నకారు తయారయ్యెడిది. దాని 601 అను రూపము 1964లో వచ్చినది. యూనివర్సల్ అను వాగను రూపము మఱుసటి యేట వచ్చినది. ఉక్కుకు కొఱత గనుక పైరేకులను ఉక్కుతో చేయలేదు. ప్రత్తిమిల్లుల చెత్తదూదిని జిగురురసముతో కలిపి, వేడిలో నొక్కి, డ్యూరోప్లాస్టను గట్టిపలకలు చేసిరి. వానికి తుప్పు పట్టదు. లోపలి ఉక్కుచట్రమునకు మాత్రము పట్టును. వెలుపలి పలక మచ్చలేక మెఱయుచుండగా లోపలి ఎముక పుచ్చిపోవుట కద్దు. తెలిసినవారు కొనుటకు ముందు నేలపై పండుకొని అడుగు చూచెడివారు.

ఇంజను రెండు సిలిండర్లది, గాలిచే చల్లబడునది. నీటితొట్టి లేదు. పెట్రోలు తొట్టి ఇంజనుకంటె మీద నుండుటచే పెట్రోలు తనంతట తానే క్రిందికి దిగును, పంపు అక్కఱలేదు. పెట్రోలు ఎంత యున్నదో చూచుటకు ముల్లు గూడ చాలకాలము లేదు. మూత తీసి కఱ్ఱ ముంచి చూడవలసినదే, మనము గాదెలోని ధాన్యమును చూచునట్లు. కందెననూనెను పెట్రోలులోనే కలుపవలెను. మొదట 33 పాళ్ళకు ఒక పాలు, తరువాత 50 పాళ్ళకు ఒక పాలు. అందుచేతనే దాని వెనుక నీలిపొగ, వాసన. నూనె తక్కువైనచో ఇంజను పట్టుకొనును, ఎక్కువైనచో పొగయు మసియు. ప్రతి యజమానుడును ఆ కొలతను ఎఱుగవలసినదే.

ఇంత చిన్నబండికై పేరు వ్రాయించుకొని పదేండ్లకు మించి వేచియుండిరి. కావున చేతికి వచ్చిన బండిని ఎవ్వరును చెడనీయరు. పాత ట్రాబంటునకు కొత్తదాని నిర్ణీతధరకంటె ఎక్కువ వెల పలికెడిది. చేతిలో నున్నది గదా. మరమ్మతు శాలలలో భాగములు దొరకుట దుర్లభము. అప్పుడు గృహస్థుడేమి చేయును? నాకు నేనే ఎట్లు సాయపడుదును అను అర్థము గల పేరుతో ఒక గ్రంథమాల వెలువడెడిది. ట్రాబంటునకు, వార్ట్‌బర్గునకు, ఇతర బండ్లకు ఒక్కొక్క సంపుటము. మీటల సవరణ, బ్రేకు సరిచేయుట, గేరుపెట్టె విప్పుట, విద్యుత్తు తీగెల పటము మొదలగునవి యన్నియు బొమ్మలతో బోధించెడివి. పంచాంగమును పెట్టుకొన్నట్లు బండిగలవారు ఆ పుస్తకమును ఇంట పెట్టుకొనిరి. దొరికినప్పుడే భాగములు కొని అటుకమీద దాచి, ఇరుగుపొరుగులతో వస్తుమార్పిడి చేసికొనిరి.

ఇచ్చట నిదానించి చూడవలెను. ఆ ప్రజలకు ఆ విద్య స్వేచ్ఛగా వచ్చినది కాదు. కొఱత నెత్తిన కూర్చుండి నేర్పినది. 1989 నవంబరులో బెర్లిను గోడ తెఱచుకొన్నప్పుడు వారు ఆ బండ్లలోనే పడమటికి పోయిరి. కొద్దికాలములోనే పడమటి పాతకార్లను కొనుక్కొని, ఏండ్ల తరబడి వేచి పొందిన ట్రాబంటులను వీధులలో విడిచిరి. 1991 ఏప్రిలు 30న చివరి ట్రాబంటు కర్మాగారము వెడలినది. ఆ విడుచుటను నేను తప్పు పట్టను. పదేండ్లు వేచియుండుటను ఎవరు కోరుదురు? కాని ఒక దేశమున సామాన్యగృహస్థులు, ఉపాధ్యాయులును గుమాస్తాలును సైతము, తమ వాహనపు ప్రతి మేకును ఎఱిగియుండిరను మాట చరిత్రలో వ్రాసికొనదగినది.

పడమటి జర్మనీలో మెర్సిడెస్ వారు 1977లో తమ మొదటి సొంత వాగనును చూపి, మఱుసటి యేటి నుండి బ్రేమెను కర్మాగారమున తయారుచేసిరి. వెనుక బరువుకొలది ఎత్తు సరిచేసికొను ఏర్పాటు దానికి సహజముగనే యుండెను. డీజెలు ఇంజనుల ఓర్పు లోకప్రసిద్ధము. కాలమునకు నూనె మార్చి, మీటల సందును సరిచూచుచుండిన చాలును, లక్షల మైళ్ళు తిరిగెడివి.

ఈ బండ్లన్నిటికిని ఒక సామాన్యగుణము కలదు. రోగము కంటికి గాని, చెవికి గాని, వ్రేలికి గాని తెలిసెడిది. నల్లచాఱ, నూనెచుక్క, తుప్పురేకు, ఇంజను శబ్దములో మార్పు. తరువాతి కాలమున ఇంజనునకు కంప్యూటరు వచ్చినది. పొగను తగ్గించుటకు, పెట్రోలు పొదుపు చేయుటకు అది అవసరమే. దానిని నిందించుట అవివేకము. ఐరోపాలో 2001 నుండి కొత్త పెట్రోలు కార్లన్నిట తమ దోషములను తామే కనిపెట్టి సంకేతాంకములుగా దాచుకొను ఏర్పాటు తప్పనిసరియైనది. ఆ సంకేతమును చదువుటకు పరికరము కావలెను. దాని పూర్తి యర్థము తెలియుటకు సంస్థవారి పత్రములు కావలెను. కొన్ని కార్లలో బ్యాటరీని మార్చినను ఆ సంగతిని కంప్యూటరునకు నమోదు చేయవలెను. బండి వెలను పూర్తిగా చెల్లించినవానికి దాని రోగమేమో చదువు హక్కు లేదన్నచో, అతడు కొన్నదేమి?

ఈ ప్రశ్న అక్కడి ప్రభుత్వములకును తట్టినది. ఐరోపా సమాఖ్యవారు 2002లో చేసిన నిబంధనలో, సంస్థలకు చెందని స్వతంత్ర మరమ్మతుదారులకును సాంకేతిక విషయములు అందవలెననిరి. 2007 నాటి శాసనమున దానిని ఇంకను దృఢపఱచి, మరమ్మతు సమాచారమును సంస్థలు స్వతంత్రులకు సులభముగా అందింపవలెనని విధించిరి. కావున నేడును ఐరోపా పల్లెలో చిన్న మరమ్మతు శాలవాడు వాగనును బాగుచేయగలుగుచున్నాడు. అట్లని శాసనము పుస్తకమును తెఱపించును గాని, చదువు చేతిని ఇయ్యలేదు. కందెనతుపాకి పట్టిన గృహస్థులు అక్కడను తగ్గిపోవుచున్నారు. వాగనులు సైతము తగ్గుచున్నవి. ఎత్తైన మోటుకార్లపై జనులకు మోజు పెరిగినది. తోకవఱకు సాగిన కప్పు గల బండి, అదే బరువును తక్కువ ఎత్తున, తక్కువ పెట్రోలుతో మోయునని ఎవరు చెప్పినను వినువారు కొద్దిమంది.

మారిస్ ట్రావెలరు యజమానులు మాత్రము ఆ కొద్దిమందిలో చేరినవారు. కుళ్ళిన చట్రమును తీసివేసి కొత్త ఆష్ కొయ్యతో మఱల కట్టించుకొనుట బ్రిటనులో నేటికిని సాగుచున్నది. కొత్త చిక్కు చెట్టుకే వచ్చినది. 1992లో పోలెండుదేశమున ఆష్ చెట్ల కొమ్మలు చివరనుండి ఎండిపోవుట గమనించిరి. అది ఒక శిలీంధ్రమువలన కలుగు తెగులు. గాలితో వ్యాపించి దేశములు దాటి, 2012లో బ్రిటనులో ఉన్నట్లు నిర్ధారితమైనది. అడవులలో, దారుల ప్రక్కను చెట్లు పెద్దసంఖ్యలో చచ్చుచున్నవి. కొన్ని చెట్లకు పుట్టుకతోనే ఆ తెగులును ఓర్చుకొను శక్తి యుండుట చూచి, శాస్త్రజ్ఞులు వానినుండి మొక్కలు పెంచుచున్నారు. ఆ మొక్క మ్రానై, మ్రాను కోతకు వచ్చుటకు కొన్ని దశాబ్దములు పట్టును. అంతవఱకు ఇప్పుడున్న కొయ్య తడవకుండ చూచుకొనుటకై ట్రావెలరు గలవారు ఎండలు వచ్చిన నెలలలో వార్నీషు డబ్బా తెఱచుచున్నారు.